పత్రికల బలమా? నేతల భయమా?

బ్రిటన్‌లో ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ పత్రికల పక్షపాతంపై వివాదం చెలరేగడం ఆనవాయితీ. అక్కడ టీవీ, రేడియో వార్తలు నిష్పాక్షికంగా ఉండాలన్న నిబంధన ఉంది. పత్రికలకు అట్టి నిర్బంధమేదీ లేదు. ఫలానా పార్టీకి ఓటు వేయవలసిందని అవి బాహాటంగానే పిలుపునిస్తాయి.

1992 ఏప్రిల్ 9న, పోలింగ్ రోజున, 'సన్' పత్రిక లేబర్ నేత నీల్ కినాక్ తలను బల్బులో ఇమిడ్చి మొదటి పేజీలో అపహాస్యం చేసింది. కన్సర్వేటివ్ నేత జాన్ మేజర్ నెగ్గగానే ఆ ఘనత తనదేనని చాటుకుంది. అనంతరం లేబర్ నేత అయిన టోనీ బ్లెయిర్ 1995లో 'సన్' అధిపతి రూపర్ట్ మర్డోక్ సంస్థ సమావేశంలో ప్రసంగించేందుకు ఆస్ట్రేలియా దాకా వెళ్లారు. 1997లో 'సన్' ఆయన పక్షాన నిలిచింది. అప్పటికే సర్వేలలో లేబర్ ఎంతో ముందంజలో ఉండడం గమనార్హం.

2017లో 'సన్', 'డైలీ మెయిల్' జెరెమీ కార్బిన్‌పై నిప్పులు చెరిగినా లేబర్‌కు 40 శాతం ఓట్లు లభించాయి. ప్రధాని థెరిసా మే పార్లమెంటులో మెజారిటీ కోల్పోయారు. 2024లో పోలింగ్‌కు ముందురోజు 'సన్' తిరిగి లేబర్‌ను బలపరిచింది. గెలుపు గాలి అప్పటికే అటు వీస్తోంది.

కనుక పత్రికలు ఓటర్లను శాసిస్తున్నాయనడం కంటే నేతలను భయపెడుతున్నాయనడమే సమంజసం. సంపాదకీయంలో పత్రిక తన అభిప్రాయం చెప్పడం తప్పు కాదు. ఆ అభిప్రాయం వార్తలలోకి చొరబడడం, దాని ప్రాపకం కోసం పార్టీ అధినేతలు పత్రికాధిపతుల గుమ్మం తొక్కడం ప్రమాదకరం. అలా గద్దెనెక్కిన నేత ఆ అధిపతుల వ్యాపారాలను నిర్భయంగా నియంత్రించగలడా? పత్రిక తమ వైపు ఉన్నంతకాలం ఈ ప్రశ్న ఏ పార్టీకీ తోచదు.