సముద్రంలో గాలిమరలు, ఆల్చిప్పల దిబ్బలు: ఫలితం ఎవరికి?

ఐరోపాలో ఉత్తర సముద్రం అడుగున ఒకప్పుడు ఆల్చిప్పల దిబ్బలు వేల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకొని వుండేవి. 1883లో ఓల్సెన్ అనే ఆయన అచ్చువేసిన చేపల వేట పటాల్లో ఆ మేరలన్నీ గుర్తించి వున్నాయి. ఇవాళ అక్కడ చాలా భాగం ఇసుకా బురదే. లాభం కోసం చిప్పలను తోడి అమ్ముకున్నారు. ఆ తరవాత ఇంజను ఓడలు బరువైన వలలతో సముద్రం అడుగును దున్నినట్టు గీకేశాయి. మిగిలిన కాస్త జబ్బుల పాలయింది.

ఆల్చిప్ప పోతే ఏం పోయిందని ఎవరైనా అడగవచ్చు. పెద్ద ఆల్చిప్ప ఒకటి రోజుకు వంద లీటర్లకు పైగా నీటిని వడగట్టగలదు. దిబ్బ సందుల్లో చేపపిల్లలు, పీతలు తలదాచుకుంటాయి. ఆల్చిప్ప పిల్లకు అంటుకోవటానికి గట్టి ఆధారం కావాలి, ముఖ్యంగా పాత చిప్ప కావాలి. చిప్పలే లేని ఇసుకలో అది ఎక్కడ నిలబడుతుంది? విత్తనం మిగలని చేలో పంట తనంతట తాను రాదు. ఇదీ అంతే.

ఇప్పుడు ఆ సముద్రంలోకి గాలిమరలు వచ్చాయి. 1991లో డెన్మార్క్‌లోని విండెబీ దగ్గర 11 మరలతో మొదలైన పని ఇది. 2023 ఏప్రిల్‌లో ఓస్టెండ్‌లో 9 దేశాలు కూడి, 2030 నాటికి 120 గిగావాట్లు, 2050 నాటికి 300 గిగావాట్లు నిలబెడతామని ప్రకటించాయి. మర కాలు చుట్టూ ఇసుక కోసుకుపోకుండా రాళ్లు పోస్తారు. నెదర్లాండ్స్ గాలిమరల క్షేత్రాల్లో అడుగు గీకే వలలు నిషేధం. అంటే ఆల్చిప్పకు కావలసిన రెండూ అక్కడ కుదిరాయి. అందుకే 2018లో లుఖ్టర్‌డౌనెన్ క్షేత్రంలో పర్యావరణ సంస్థలు ప్రయోగంగా ఆల్చిప్పలను దించాయి. 2022లో తైవాన్ దగ్గర ఓర్‌స్టెడ్ కంపెనీ మరల కాళ్ల మీద పగడాలు పెంచే ప్రయోగం మొదలుపెట్టింది.

సముద్రం బాగుపడితే సంతోషమే. బొగ్గు పొగ తగ్గినా సంతోషమే, ఎందుకంటే కరువైనా తుపానైనా ముందు కూలేది కూలివాడి గుడిసే. అయినా మనం మూడు విషయాలు గట్టిగా అడగాలి.

మొదటిది, ఈ ఘనత ఎవరిది? రాళ్లు కంపెనీ తన మర కోసం పోసుకున్నవి. గీకే వలను ఆపింది ప్రభుత్వ నిబంధన. స్తంభాలు దిగగొట్టే మోతకు డాల్ఫిన్ జాతి జీవాలు బెదిరి పారిపోతాయి, మర రెక్కలు తగిలి పక్షులు చస్తాయి. నాలుగు ఆల్చిప్పలు చూపించి ఈ లెక్క మాఫీ చేయించుకోవటం కుదరదు.

రెండవది, గడువు. విండెబీ మరలను 2017లో ఊడదీశారు. నెదర్లాండ్స్ చట్టం ప్రకారం కూడా అనుమతి తీరాక కంపెనీ తన నిర్మాణాలను తొలగించాలి. దిబ్బ కుదురుకునేదే దశాబ్దాల మీద. మరతోపాటు రాళ్లూ ఎత్తేసి, గీకే వలను మళ్లీ రానిస్తే పడ్డ పాటంతా గంగలో కలిసినట్టే. కాబట్టి మర పోయినా దిబ్బకు రక్షణ వుండేట్టు ముందే రాసుకోవాలి.

మూడవది అసలు సంగతి. సముద్రం ఊరుమ్మడి చెరువు లాంటిది. ఒక మేర కంచె పడితే ఓడ యజమాని వేరే చోటికి పోగలడు. చిన్న పడవవాడు, ఓడలో వాటాకో జీతానికో పనిచేసే కూలీ ఎక్కడికి పోతారు? అడుగు గీకకుండా బుట్టలు వేసి పీతలు పట్టే పద్ధతిని బోర్సెల క్షేత్రంలో ప్రయోగించి చూశారు. దిబ్బ చెడకుండా చిన్న వేట సాగించే దారి వెతకవచ్చునన్న మాట.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం గుజరాత్, తమిళనాడు తీరాల్లో 500 మెగావాట్ల చొప్పున సముద్ర గాలి విద్యుత్తు కోసం 7,453 కోట్ల రూపాయల పథకానికి ఆమోదం తెలిపింది. తమిళనాడు తీరంలోనే 21 దీవుల మన్నారు సింధుశాఖ, దాని పగడపు దిబ్బలు వున్నాయి. సున్నం కోసం ఏళ్ల తరబడి ఆ పగడాలను తవ్వుకుపోయారు. ఇవాళ తమిళ జాలరికి ఎదురయ్యే ప్రశ్న రేపు మన కోస్తా జాలరిపేటలకూ రావచ్చు.

ప్రజల డబ్బుతో లేచే మరల కింద పెరిగే దిబ్బ ప్రజలదే కావాలి. సముద్రాన్ని కౌలుకు ఇచ్చే ముందే జాలరి సంఘాలను కూర్చోబెట్టి మాట్లాడాలి. వేట పోయినవారికి పరిహారం యజమానికి మాత్రమే కాక పడవ కూలీకీ దక్కాలి. దిబ్బలు పెంచే పనీ, కాపలా పనీ తీరవాసులకే ఇవ్వాలి. భూమి విషయంలో మనం అడిగింది ఇదే. నీటి విషయంలోనూ ఇదే అడగాలి.