అక్కా, ఇది క్లాసా?

మొన్న మినీ ప్రాజెక్ట్ ల్యాబ్‌లో మేడమ్ ఒక మాట అన్నారు: "ఈసారి టాపిక్ నేను ఇవ్వను. మీకు ఇష్టమైంది మీరే చేసుకోండి." క్లాసులో అరవై మందిమి ఉన్నాం. ఫ్యాన్ల చప్పుడు మాత్రం వినపడింది. కాసేపటికి వెనక బెంచీలోంచి ఒకడు లేచి "మేడమ్, శాంపిల్ టాపిక్స్ లిస్ట్ ఏమైనా ఇస్తారా?" అన్నాడు. అందరం హమ్మయ్య అనుకున్నాం. నేను కూడా. చివరికి మా బ్యాచ్ ఏం చేసిందంటారా? లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. పక్క బ్యాచ్ కూడా అదే. ఈ లెక్కన మన లైబ్రరీలో పుస్తకాలకన్నా సిస్టమ్‌లే ఎక్కువయ్యేట్టున్నాయి.

ఆ రోజు రాత్రి హాస్టల్లో పడుకున్నాక నాకు నవ్వు రాలేదు. ప్రశ్న ఇస్తే జవాబు కనుక్కోవడం మనకి బాగానే వచ్చు. ఇంటర్ రెండేళ్ళు చేసింది అదే కదా, నాలుగు ఆప్షన్లలో మూడు కొట్టేయడం. ఏం చేస్తావో నువ్వే చెప్పు అంటే మాత్రం చేతులు కట్టేసినట్టు అయిపోతుంది. ఇది ఎక్కడ పోగొట్టుకున్నామా అని ఆలోచిస్తే, నాకు వేసవి సెలవుల్లో జరిగింది గుర్తొచ్చింది. అదే రాస్తున్నాను. (ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం బాపతు. తప్పులుంటే ఎడిటర్ గారు దిద్దుతారు, దిద్దకపోతే మీరు క్షమించండి.)

మా పిన్ని కొడుక్కి ఆరేళ్ళు. ఇక్కడ వాణ్ణి చిన్నోడు అందాం. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. పిన్ని, బాబాయ్ ఇద్దరూ ఉద్యోగాలే. ఎండాకాలం సెలవులకి వాణ్ణి తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి పంపారు. సెమ్ ఎగ్జామ్స్ అయిపోయి నేనూ అక్కడే ఉన్నాను. పిన్ని ఫోన్ చేసి, "ఖాళీగానే ఉన్నావుగా, నువ్వు సీఎస్ కూడానూ, రోజుకో గంట వాడికి కోడింగ్ చెప్పవే" అంది. వాడు అప్పటికే ఏదో ఆన్‌లైన్ కోడింగ్ క్లాసులో ఉన్నాడు. పేరెందుకులెండి. స్క్రీన్ మీద రంగురంగుల బ్లాకులు లాగి పెడితే పిల్లి నడుస్తుంది, స్టార్ వస్తుంది. వాడికి మూడొందల పైగా స్టార్లున్నాయి. రెండు రోజులు పక్కన కూర్చుని చూశాను. లెవెల్ రాగానే వాడు నేరుగా బల్బు బొమ్మ నొక్కుతాడు. హింట్ వస్తుంది. హింట్ చెప్పినట్టు లాగుతాడు. స్టార్. నాకు మా ల్యాబ్ రికార్డులు గుర్తొచ్చాయి.

మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. అమ్మమ్మ వంటింటి గడప దగ్గర చింతపండు పిక్క తీస్తోంది. వీడు వెళ్ళి ఆ పిక్కల గుట్టలో చెయ్యి పెట్టి కెలుకుతుంటే, అమ్మమ్మ నాలుగు పిక్కలు వాడి చేతిలో పెట్టి, "పోయి వెనక అరుగు మీద ఒక పక్క అరగదీసుకురా" అంది. ఎందుకో చెప్పలేదు. వాడూ అడగలేదు.

(తెలంగాణ ఫ్రెండ్స్, పిక్కలంటే మీ చింతగింజలే.)

పిక్కని గరుకు బండ మీద రుద్దితే గోధుమరంగు తోలు పోయి లోపలి తెలుపు బయటపడుతుంది. ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు. నాలుగు అలా చేస్తే అవే పాచికలు. "కాలుతోంది అక్కా!" అని కేక పెట్టాడు. అవును, రుద్దిన పిక్క సర్రున కాలుతుంది. దాన్ని పట్టుకొచ్చి నా చేతికి అంటించాడు. ఈ విద్య వాడికి ఎవరూ నేర్పలేదు. ఊళ్ళో పిల్లలందరికీ ఎలా తెలుస్తుందో అలాగే తెలిసింది.

అమ్మమ్మ సుద్దముక్కతో నేల మీద అయిదు అడ్డం, అయిదు నిలువు, మొత్తం 25 గళ్ళు గీసింది. నాలుగు పక్కలా మధ్య గడిలో ఇంటూ గుర్తు, నడిమధ్యన ఇంకోటి. అష్టాచెమ్మా. మనలో సగం మందికి ఇది 2008లో వచ్చిన నాని మొదటి సినిమా పేరు మాత్రమే. ఎన్ని పిక్కలు తెల్లగా పడితే అన్ని గళ్ళు నడవాలి. నాలుగూ తెలుపైతే చెమ్మా, నాలుగు గళ్ళు. నాలుగూ నలుపైతే అష్టా, ఎనిమిది గళ్ళు. ఈ రెంటికీ ఇంకో పందెం వేసుకోవచ్చు. ఎదుటివాళ్ళ కాయని చంపకుండా లోపలి వరసలోకి పోకూడదు. ఇది మా ఇంటి రూలు, మీ ఇంట్లో వేరే ఉండొచ్చు. కాయలకి వాడు విరిగిన గాజుముక్కలు, నేను కందిపప్పు, అమ్మమ్మ పాత చొక్కా గుండీలు.

నాలుగైదు ఆటలయ్యాక వాడు అన్నాడు: "అక్కా, రెండే ఎక్కువ పడుతున్నాయి. అష్టా అసలు పడట్లేదు."

ఆగండి. ఈ మాట నేను ఇంటర్‌లో బైనోమియల్ డిస్ట్రిబ్యూషన్ అని చదువుకున్నాను. పిక్క ఎటు పడటమైనా సమానమే అనుకుంటే, నాలుగు పిక్కలు 16 రకాలుగా పడొచ్చు. అందులో రెండు తెలుపు, రెండు నలుపు వచ్చేవి 6. అన్నీ నలుపు వచ్చేది ఒక్కటే. నాకు ఫార్ములా వచ్చు, రెండు మార్కుల ప్రశ్న కూడా రాశాను. అది నేల మీద కళ్ళముందు జరిగే సంగతి అని మాత్రం ఆ నిమిషం వరకూ తట్టలేదు.

వాడు అక్కడితో ఆగలేదు. మర్నాడు పొద్దున్నే అరుగు మీద కూర్చుని కొత్త పిక్కలు రుద్దుతున్నాడు. కొన్ని కొద్దిగా, కొన్ని సగం దాకా. సగం దాకా అరిగిన పిక్క చదునుగా ఉన్న వైపు మీదే కూర్చుంటుందనీ, నలుపు పైకి వస్తుందనీ కనిపెట్టాడు. అలాంటివి నాలుగు తయారుచేసుకుని వచ్చి ఆడితే వరసగా అష్టాలే అష్టాలు. అమ్మమ్మ రెండు పందేలు చూసి, పిక్కలు చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, "దొంగ వెధవా, మీ తాతయ్య కూడా ఇలాంటివే చేసేవాడు" అంది. తిట్టిందో మెచ్చుకుందో వాడికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. నాకు హుషారు ఆగలేదు. లాపీ తెరిచి, పదివేల సార్లు పిక్కలు వేసినట్టు పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసి, బార్ గ్రాఫ్ గీయించి, వాణ్ణి పిలిచి కూర్చోబెట్టాను. "చూడరా, నువ్వు కనిపెట్టింది ఇదే. దీన్ని ప్రాబబిలిటీ అంటారు. ఇప్పుడు చెప్పు, ఒకటి పడే చాన్స్ ఎంత?" వాడు గ్రాఫ్ వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు. "అక్కా, ఇది క్లాసా?" అన్నాడు. నేను తడబడి "కాదురా, ఊరికే..." అంటుండగానే లేచి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు ఆ పిక్కలు ముట్టుకోలేదు. పైగా వాడి కళ్ళు ఆ లాపీలో బల్బు బొమ్మ ఎక్కడుందా అని వెతికాయి, నేను చూశాను.

నా అభిప్రాయం ఇక్కడే ఉంది. పిల్లలు ఇంట్లో ఆడుకుంటే ఏదో నేర్చుకుంటారని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి చదువంతా ఆటల ద్వారానే సాగాలని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలో కూడా ఉంది. ఆట బాలల హక్కు అని 1989 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 31వ అధికరణంలో ఉంది, మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది కూడా. కాగితం మీద మనకి లోటు లేదు. ఇంట్లో జరిగేదేంటంటే, వాడు ఆడుతుండగా మనం మధ్యలో దూరి "ఏం నేర్చుకున్నావ్?" అంటాం. పిన్ని రోజూ సాయంత్రం ఫోన్‌లో అడిగే మొదటి ప్రశ్న అదే. ఆ ప్రశ్న పడగానే ఆట ఎవరిదో మారిపోతుంది. అప్పటిదాకా వాడిది, ఆ తర్వాత మనది.

మన సీఎస్ వాళ్ళకి ఒక పెద్దమనిషి ఉన్నాడు, సేమర్ పాపర్ట్. 1967లో పిల్లల కోసం లోగో అనే భాష తయారుచేసిన వాళ్ళలో ఒకడు. 1980లో వచ్చిన 'మైండ్‌స్టార్మ్స్' పుస్తకం ముందుమాటలో తన చిన్నతనం రాసుకున్నాడు. రెండేళ్ళు నిండకముందే కార్లంటే పిచ్చి, తర్వాత పళ్ళచక్రాలంటే పిచ్చి. ఎక్కాలు, సమీకరణాలు అన్నీ ఆ చక్రాలతోనే బుర్రకెక్కించుకున్నాడట. ఇది చదివి, అయితే పిల్లలందరికీ పళ్ళచక్రాల సెట్టు కొనిపెడితే సరి అనుకుంటే అసలు విషయమే పోయినట్టని ఆయనే అంటాడు. ఆయన ఆ చక్రాల్ని ప్రేమించాడు, అదీ సంగతి. ఇంకొకరి ప్రేమని డబ్బాలో పెట్టి అమ్మలేం. మా పిన్ని కొన్న 'ఎడ్యుకేషనల్' బొమ్మల డబ్బాలు అటక మీద ఉన్నాయి, వయసు అంకెలు బాగా కనపడేలా.

పాత ఆటలే గొప్పవి, ఫోన్ దెయ్యం అని నేను అనట్లేదు. నా తమ్ముడు మైన్‌క్రాఫ్ట్‌లో కట్టిన ఇల్లు చూస్తే ఆ మాట అనబుద్ధి కాదు. అష్టాచెమ్మా కూడా రూల్ బుక్ పెట్టి, టైమర్ పెట్టి, సర్టిఫికెట్ ఇస్తే చచ్చిపోతుంది. నేను చూసుకునే గుర్తు ఒకటే. ఆ ఆటలో రూలు మార్చే వీలు పిల్లాడికి ఉందా, లేదా? అట్టపెట్టెకి ఉంది. దుప్పటి కప్పిన మంచం కోళ్ళకి ఉంది. సైకిల్ వాల్వ్ ట్యూబు, అగ్గిపుల్లలకి ఉంది. అరవింద్ గుప్తా గారు ఐఐటీ కాన్పూర్‌లో ఇంజనీరింగ్ చదివి, వాటితో బొమ్మలు చేయడమే జీవితంగా పెట్టుకున్నారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ప్లేస్‌మెంట్ సెల్ పోస్టర్ల మీద మాత్రం ఆయన ఫోటో నేనెప్పుడూ చూడలేదు.

పిన్ని తరఫున కూడా చెప్పాలి. రెండు మీటింగుల మధ్య అన్నం వండే మనిషికి పిల్లాడితో నేల మీద కూర్చోమని నేను చెప్తే బావుండదు. నాలుగో అంతస్తులో గరుకు అరుగు ఎక్కడిది? ఫోన్ చేతిలో పెడితే గంటసేపు ఇల్లు నిశ్శబ్దం. ఆ గంట ఆవిడకి నిజంగా కావాలి. అందుకే ఈ వ్యాసం పిన్నులకి రాయట్లేదు, మనకి రాస్తున్నాను. పండక్కి ఇంటికి వెళ్ళగానే చుట్టాల పిల్లలు మన మీద పడి "అక్కా ఫోన్, అన్నా ఫోన్" అంటారు కదా. వదిలించుకోడానికి ఇచ్చేస్తాం. సంక్రాంతికి నేనూ ఇచ్చాను, ఇదే చిన్నోడికి, రెండు గంటలు, నా వెబ్‌సిరీస్ కోసం ఇంకో ఫోన్ అడుక్కుని మరీ. మనకి మీటింగులు లేవు, వంట లేదు. ఓ గంట కింద కూర్చోవచ్చు. వాడు తొండి చేస్తే చేయనివ్వండి, ఎలా చేశాడో గమనించండి. కావాలని ఓడిపోకండి, వాళ్ళకి తెలిసిపోతుంది. లాపీ మాత్రం తెరవకండి.

అయిదో రోజు ఏమైందో చెప్పలేదు కదా. నేను, అమ్మమ్మ మాకు మేమే ఆడుకుంటున్నాం. వాణ్ణి పిలవలేదు. కాసేపు గుమ్మం దగ్గర నిలబడ్డాడు, తర్వాత వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుని, "నీ గుండీ అటు కాదు అమ్మమ్మా, ఇటు" అన్నాడు. ఆ సాయంత్రం పిన్ని ఫోన్ చేసి "ఇవాళ ఏం నేర్చుకున్నాడే?" అంటే, "ఏమీ లేదు పిన్నీ, ఓడిపోయాడు" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత నవ్వి, "ఏడ్చాడా?" అంది.

పోయిన ఆదివారం హైదరాబాద్ నుంచి వాడే ఫోన్ చేశాడు. అమ్మమ్మ ఇచ్చిన పిక్కలు కంపాస్ బాక్సులో దాచుకున్నాడట. గళ్ళు ఇప్పుడు అయిదు కాదు, ఏడట. మధ్యలో ఒక లిఫ్టు పెట్టాడట, అందులో కాయ పడితే నేరుగా లోపలి వరసకి పోవచ్చు, ఎవర్నీ చంపక్కర్లేదు. కరెంటు పోతే మాత్రం లిఫ్టు పనిచేయదట.

"మరి కరెంటు ఉందో పోయిందో ఎలా తెలుస్తుందిరా?" అన్నాను.

"నేను చెప్తాను" అన్నాడు.