ప్లగ్గు గుంటలో నీళ్ళు

విజయదశమి వెళ్ళి వారము తిరుగకమునుపే, పండుగనాడు పసుపు కుంకుమలు అందుకొన్న కార్లెన్నో మరమ్మతు కొట్ల ముందు నిలిచియుండుట ఏటేట చూచుచునే యున్నాను. ఈ ఏడు ఆ వరుసలో నా కారును నిలువవలసి వచ్చినది.

ఆయుధపూజకు ముందునాడు బండిని వాటర్ సర్వీసింగుకు ఇచ్చితిని. అచ్చటి కుర్రవాడు బానెట్టు ఎత్తి, ఇంజను చల్లారకమునుపే, చక్రాల బురదను విదిలించు ఆ వడిగల ధారను ఇంజను నెత్తిపైనే నిలిపి కొట్టినాడు. ఇంజను అద్దమువలె మెరసినది. పండుగనాటి ఉదయమున తాళము త్రిప్పినంతనే బండి యంతయు వణకసాగినది, పికప్ లేదు, ఇంజను లైటు వెలుగుచు ఆరుచు హెచ్చరించినది. మిస్సింగ్ కొట్టుచున్నదని వీధిలో పోవువారు సైతము చెప్పగలిగినంత స్పష్టమైన జబ్బు.

పండుగ వెళ్ళినాక తీసికొనిపోయిన చోట, స్కానరు తగిలించి, తెరపై పి 0303 అను సంఖ్యను చూచి, నాలుగు కాయిళ్ళును నాలుగు ప్లగ్గులును మార్చవలెనని 12,000 రూపాయల అంచనా కాగితము చేతిలో పెట్టినారు. బానెట్టు ఎత్తలేదు. అంతకుముందు ఏమి జరిగినదని ఒక్కరును అడుగలేదు. పైకముకన్న ఆ అడుగని ప్రశ్నయే నన్ను ఈ వారమంతయు బాధించినది.

ఆ సంఖ్య చెప్పునదెల్ల మూడవ సిలిండరులో మంట సరిగా అంటుకొనుటలేదని మాత్రమే. ఏల అంటుకొనుటలేదో అది చెప్పజాలదు. కాయిలు చెడినను అదే సంఖ్య, ప్లగ్గు అరిగినను అదే సంఖ్య, ప్లగ్గు గుంటలో గుక్కెడు నీరు నిలిచినను అదే. నేటి పెట్రోలు ఇంజన్లు పెక్కింట ప్లగ్గులు లోతైన గుంటలలో దాగియుండును. ఒక్కొక్కదానిపై ఒక్కొక్క కాయిలు రబ్బరు తొడుగుతో దిగియుండును. ఆ తొడుగు అంచున నీరు జొరబడెనా, 20,000 వోల్టులకు మించిన ఒత్తిడితో రావలసిన మెరుపు ప్లగ్గు మొనకు దిగక, మురికినీటి తడిదారి పట్టి ఇంజను లోహములోనికి జారిపోవును. మండని పెట్రోలు పొగగొట్టము దారిలోని కాటలిటిక్ కన్వర్టరును చేరి, అచ్చట మండి, కాయిలుకన్న ఎంతో ప్రియమైన ఆ వస్తువును కాల్చివేయును. లైటు మినుకుమినుకుమనునప్పుడు బండిని నడుపరాదనుట ఇందులకే.

విజయవాడ ఆటోనగరులో అరువదేండ్లు దాటిన మెకానిక్కు ఒకాయన వద్దకు పోయితిని. "బాబుగారూ, ఇంజను గానీ కడిగించారా?" అన్నదే ఆయన మొదటి మాట. పది నంబరు పానాతో ఒక్క బోల్టు విప్పి, మూడవ కాయిలును మెల్లగా మెలిత్రిప్పుచు పైకి లాగినాడు; రబ్బరు కొనను తుప్పురంగు చుక్క ఒకటి వ్రేలాడుచున్నది. గుంటలోనికి టార్చి వేసి చూపినాడు. అడుగున నీరు తళతళలాడినది. "ప్లగ్గు ఇప్పుడే ఊడదీయకూడదండీ, నీళ్ళన్నీ సిలిండర్లోకి దిగిపోతాయి" అనుచు, గుడ్డపేలికను వత్తివలె పేని గుంటలోనికి దింపి, తడి పీల్పించి, పిదప గాలి కొట్టి, కాయిలును ఎండలో పెట్టినాడు. గంట గడచినది. బిగించిన తరువాత ఇంజను నాలుగు సిలిండర్ల మీదను నిలుకడగా నడచినది.

"మిస్సింగ్ పోకపోతే ఈ కాయిల్ తీసి రెండోదాంట్లో పెట్టేవాణ్ణి. జబ్బు కూడా రెండోదానికి పోతే కాయిల్ పోయినట్టు. మూడోదాంట్లోనే ఉంటే కాయిల్ మంచిదే" అని ఆయన చెప్పినప్పుడు, మన తర్కశాస్త్రములు అన్వయవ్యతిరేకములని పిలుచు పద్ధతి నూనె మరకల చేతులలో సజీవముగా నున్నదని నాకు తోచి, మనసు నిండిపోయినది. రూపాయి వస్తువు కొనకుండ కారణమును పట్టుకొను ఈ విద్య స్కానరు కొన్నంతమాత్రమున వచ్చునది కాదు. అంబాసిడరు కాలమున, జడివానలో బండి ఆగిన డ్రైవరు డిస్ట్రిబ్యూటరు మూత తీసి పొడిగుడ్డతో తుడిచి మరల బయలుదేరెడివాడు. తడిని మొదట అనుమానించుట ఆ తరమునకు అలవాటు.

నీటిగొట్టము పట్టిన కుర్రవానిని తప్పుపట్టుటకు మాత్రము నాకు మనసొప్పదు. ఇంజనుపై నీరు కొట్టరాదన్న హెచ్చరిక నా కారు పుస్తకమున నున్నది. ఉన్నది ఆంగ్లమున, చీమతలకాయంత అక్షరములలో. తెలుగువారు కొని, తెలుగువారు కడిగి, తెలుగువారు బాగుచేయు యంత్రమునకు తెలుగు పుస్తకము ఏల ఉండరాదు? 1966లో తెలుగును అధికార భాషగా చేయుచు చట్టము చేసికొంటిమి. అంతకుముందే, 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తిగారు సేద్యగాండ్ర మాటలను ఏరి కూర్చి మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటమును వెలువరించినారు. నాగలికిని కాడికిని దక్కిన ఆ గౌరవము పానాకును కాయిలుకును దక్కవలదా? మిస్సింగ్ కొట్టుట, ముక్కుట, గుంజుట అని ఆటోనగరువారు యంత్రపు జబ్బులను వేరుచేసి పలుకు మాటలను అట్టి శ్రద్ధతో ఏరి, ఆ మాటలతోనే కారు పుస్తకములు వ్రాయించవలెను.

అంతవరకు ఆగలేక, "ఇక్కడ నీళ్ళు కొట్టవద్దు" అను మూడు మాటలను పెద్ద అక్షరములలో వ్రాయించి, బానెట్టు ఎత్తినవాని కంటికి ఎదురుగా ఆనునట్లు నిన్న నా కారులో అతికించితిని.