జవాబు ఒక్కటే పంపితే చాలదు

ల్యాబ్ పరీక్షల ముందు రాత్రి మన ఇంజినీరింగ్ కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో అడిగిన నిమిషానికే కోడ్ వచ్చి పడుతుంది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో పేరున్న ఫ్యాకల్టీల నోట్సు కట్టలకు కట్టలు దొరుకుతుంది. పంచుకోవడంలో మనవాళ్లు పిసినారులు కారు. నా బాధల్లా ఏం పంచుతున్నామన్నదే. జవాబు పంచుతున్నాం, అది ఎట్లా దొరికిందో పంచడం లేదు.

పైథాన్ మొదలుపెట్టిన విద్యార్థి మన ఊళ్ల పేర్లు తెలుగులో రాసుకుని, విండోస్ ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్‌తో చదివిస్తాడనుకోండి. ‘బాసర’ అని ఉన్న ఫైలు తెరుచుకుంటుంది, కానీ అక్షరాల బదులు ఏవో గుర్తులు వస్తాయి. ‘కరీంనగర్’ అని ఉన్న ఫైలైతే అసలు చదవకుండా యూనికోడ్ ఎర్రర్ చూపిస్తుంది. గ్రూపులో అడిగితే సీనియర్ ఒక్క ముక్క పంపుతాడు: “ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని పెట్టు తమ్మీ, పనిచేస్తది.” పనిచేస్తుంది కూడా. రెండు ఊళ్లకూ ఆ తేడా ఎందుకొచ్చిందో మాత్రం తమ్ముడికి తెలియకుండానే ఉండిపోతుంది.

పక్కన కూర్చుని విప్పి చూపితే ఎంత ఉంది అందులో! అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. మన కంటికి ‘కరీంనగర్’ ఐదక్షరాలే. పైథాన్‌ను పొడవు అడిగితే 8 అంటుంది. గుడి దీర్ఘం, సున్నా, చివరి పొల్లు కూడా దానికి విడివిడి లెక్కే మరి. మొత్తం 24 బైట్లు. ఎన్‌కోడింగ్ చెప్పకపోతే చాలా విండోస్ మెషిన్లలో పైథాన్ ఆ బైట్లను పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన పాత పట్టికతో చదువుతుంది. పొల్లు చివరి బైటుకు ఆ పట్టికలో గడి ఖాళీ. ప్రోగ్రామ్ ఆగింది అక్కడే. ‘బాసర’లో పొల్లు లేదు కనుక ఎర్రరూ రాలేదు, తప్పుడు అక్షరాలతోనే పని సాగిపోయింది. ఎర్రర్ చూపించని తప్పే ఎక్కువ ప్రమాదమని ఇది చూసిన పిల్లవాడు ఇక మరచిపోడు. రేపు పింఛన్ల జాబితా, ఆస్పత్రి చీటీ అతని కోడ్ మీదుగానే పోవచ్చు.

ఇట్లా విప్పి చెప్పే మనిషి అందుబాటులో ఉండాలి. మన ఉత్తర తెలంగాణ జిల్లాల్లోనే చూడండి: 2007లో నాచుపల్లిలో జేఎన్‌టీయూ కాలేజీ, 2008లో బాసరలో ట్రిపుల్ ఐటీ వచ్చాయి. పదో తరగతి కాగానే పల్లెల్లోని సర్కారు బడి పిల్లలు బాసరలో ఆరేళ్ల చదువుకు చేరుతున్నారు. 2020 జులైలో కరీంనగర్ ఐటీ టవర్ తెరిచారు. ఆదిలాబాద్‌లోనూ బీడీఎన్‌టీ ల్యాబ్స్ అనే ఐటీ కంపెనీలో కూర్చుని పనిచేసేవాళ్లున్నారు. కాలేజీలు, భవనాలు సరే. పదేళ్లు పనిచేసి చేయి తిరిగినవాళ్లలో చాలామంది గచ్చిబౌలిలోనో డాలస్‌లోనో ఉంటున్నారు. బతుకమ్మకు, దసరాకు ఇంటికొస్తారు.

తెలుగు ప్రోగ్రామర్లకు పంచడం కొత్త కాదు. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో ఉన్న మనవాళ్లు రూపొందించి అందరికీ ఇచ్చారు. దాని దారిలోనే లేఖిని అనే తెలుగు టైపింగ్ సైటు వచ్చింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో పాతవాళ్లు కొత్తవాళ్లకు చర్చా పేజీల్లో ఓపిగ్గా, తెలుగులోనే నేర్పుతూ వచ్చారు.

చాట్‌జీపీటీ ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతారు. 2022 నవంబరు నుంచి జవాబు మరీ చవకైన మాట నిజమే. అందుకే ఆ జవాబును అనుమానించడం, పరీక్షించి చూడటం నేర్పే సీనియర్ల అవసరం ఇంకా పెరిగింది.

దసరాకు కరీంనగర్, ఆదిలాబాద్ వచ్చే డెవలపర్లను నేను అడిగేది ఒక్క పూట. స్లైడ్లు, కెరీర్ ఉపన్యాసాలు వద్దు. పిల్లలు తలా ఒక ఎర్రర్ తెస్తారు, మీరు కీబోర్డు ముట్టుకోకండి. ఆఖరి లైన్ ఏమంటుందో వాళ్లనే చదవమనండి. తెలుగులో చెప్పనివ్వండి, తడబడితే ఆగండి. దారి దొరికాక, మొదట ఏమనుకున్నారో, ఎక్కడ పొరపడ్డారో కూడా కలిపి వాళ్లచేతే తెలుగులో రాయించి గ్రూపులో పెట్టించండి. గది సమస్య కాదు. పండుగ సెలవుల్లో సర్కారు బడి ఖాళీగానే ఉంటుంది, ముందుగా హెడ్మాస్టరును అడిగి ఉంచండి.