బటన్ ఎక్కడ దాక్కుంది?

రాత్రి పదకొండు దాటింది. అక్క కూతురు ఫోను. ‘మామయ్యా, అప్లికేషన్ అంతా నింపేశా. ఫొటో, సంతకం ఎక్కించేశా. సబ్మిట్ బటన్ మాత్రం కనిపించట్లేదు. గడువు ఇవాళే...’ గొంతులో ఏడుపు. పేజీని వేలితో ఎంత పైకి తోసినా కదలడం లేదట. అట్టడుగున సన్నటి నీలిగీత ఒక్కటే కనిపిస్తోందట. అది ఆ బటన్ తాలూకు పై అంచు! చేసేదేం లేక నా పాత ల్యాప్‌టాప్ తెరిచా. తను ఫోన్లో ఒక్కో వివరం చెబుతుంటే మళ్లీ మొదట్నుంచీ నింపా. ఫొటో, సంతకం వాట్సాప్‌లో వచ్చాయి. పన్నెండుకి ఎనిమిది నిమిషాలుందనగా, ఆ పెద్ద తెర మీద దర్జాగా కూర్చున్న బటన్ నొక్కా. ‘హమ్మయ్య’ అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

ఒక ఏడాది చదువు... ఒక బటన్ దగ్గర ఆగిపోయేది!

తప్పు ఆ పిల్లది కాదు. ఆ పేజీ తయారుచేసినవాళ్లు కంప్యూటర్లో చూసి ‘బాగానే ఉంది’ అని వదిలేసినట్టున్నారు. ఫోన్లో చూసుకోకపోవడం వాళ్ల తప్పే. అయితే లక్షణాలను బట్టి చూస్తే దీని వెనక వెబ్ డెవలపర్లు ఏళ్ల తరబడి మొత్తుకున్న సమస్య ఒకటి ఉంది.

నూరు శాతం... నూరు కాదు!

‘ఈ పేజీ తెర ఎత్తంతా పరుచుకోవాలి’ అని చెప్పడానికి డెవలపర్లకు ఒక కొలత ఉంది. కంప్యూటర్లో దానితో ఏ పేచీ లేదు. ఫోన్లో అలా కాదు. పైనో కిందో అడ్రస్ పట్టీ ఉంటుంది. పేజీని తోస్తే మాయమవుతుంది, వెనక్కి లాగితే మళ్లీ వస్తుంది. మరి ‘తెర ఎత్తు’ అంటే పట్టీతోనా, పట్టీ లేకుండానా? ఫోన్ బ్రౌజర్లు పట్టీ లేనప్పటి ఎత్తునే లెక్కలోకి తీసుకున్నాయి. పట్టీ ఉన్నప్పుడు ఆ మేరకు పేజీ అడుగుభాగం తెర దాటిపోతుంది. సాధారణంగా బటన్ ఉండేది అక్కడేగా!

చివరికి మూడు కొత్త కొలతలు వచ్చాయి. ఒకటి పట్టీ ఉన్నప్పటి ఎత్తు, ఒకటి లేనప్పటిది, మూడోది పట్టీతోపాటే మారేది. 2022 మార్చిలో సఫారీ, ఆ ఏడాది మధ్యలో ఫైర్‌ఫాక్స్, ఏడాది చివరికి క్రోమ్ వీటిని అందుకున్నాయి. మందు దొరికింది. కానీ పాత పేజీలు తమంతట తాము మారవు. ఎవరో ఒకరు కూర్చుని మార్చాలి.

ఏం కావాలని అడిగితే...

‘మీ పనిలో మిమ్మల్ని ఎక్కువగా విసిగించేదేంటి?’ అని 2019లో ఒక పెద్ద సర్వే జరిగింది. వెబ్ తయారీకి సంబంధించిన వివరాలన్నీ ఒకచోట అందించే ఎండీఎన్ నిర్వహించిన ఈ సర్వేలో 173 దేశాల నుంచి 28 వేల మందికి పైగా డెవలపర్లు, డిజైనర్లు పాల్గొన్నారు. కళ్లు జిగేల్మనే హంగులు కావాలంటారని అనుకుంటాం కదా... కాదు! మొదటి అయిదు సమస్యల్లో నాలుగింటి సారాంశం ఒకటే. ఒక బ్రౌజర్లో పనిచేసింది ఇంకోదాంట్లో పనిచేయడం లేదని. ఫలానా పాత బ్రౌజర్ కోసం విడిగా రాయాల్సి వస్తోంది, అన్నింట్లో ఒకేలా కనిపించడం లేదు, ఒక్కోదాంట్లో పరీక్షించి చూసుకోలేక చస్తున్నాం... ఇదీ గోడు.

అంటే వాళ్లకు కావాల్సింది కొత్త నగ కాదు. ఉన్న తూకంరాళ్లు అన్ని అంగళ్లలోనూ ఒకే బరువుండాలి, అంతే.

అన్నిటికీ ఒక్కటే ఉంటే?

‘ఇంత గొడవెందుకు, అందరూ ఒకే బ్రౌజర్ వాడితే పోలా?’ అనిపిస్తుంది. ఆ ముచ్చటా తీరింది. 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 నెట్ ప్రపంచాన్ని దాదాపుగా ఏలింది. పోటీ లేకపోయేసరికి తర్వాతి వెర్షన్ రావడానికి అయిదేళ్లు పట్టింది. 2004లో ఫైర్‌ఫాక్స్, 2008లో క్రోమ్ వచ్చాకే కదలిక మొదలైంది. ఆ ఎక్స్‌ప్లోరర్ వంశం మొత్తానికి 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ వీడ్కోలు పలికింది. డెవలపర్లలో కంటతడి పెట్టినవాళ్లు తక్కువే!

ఇప్పుడు పేర్లు బోలెడున్నా లోపలి ఇంజిన్లు ప్రధానంగా మూడు. క్రోమ్, ఎడ్జ్, ఒపెరాలది ఒకటి. సఫారీది ఒకటి. ఫైర్‌ఫాక్స్‌ది మరొకటి. మూడూ ఉండాలి, మూడూ ఒకే మాట మాట్లాడాలి.

ఆ రోజుల్లో మనమూ పడ్డాం

నెట్‌లో తెలుగు పత్రికలు చదవడం అప్పట్లోనే మొదలుపెట్టినవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. ఒక్కో పత్రికదీ ఒక్కో సొంత ఫాంటు. పేజీతోపాటు దిగే ఆ ‘డైనమిక్ ఫాంట్లు’ ఎక్స్‌ప్లోరర్లోనే తెరుచుకునేవి. ఫైర్‌ఫాక్స్‌లో చూస్తే అచ్చతెలుగు వార్త కాస్తా పిచ్చి గీతలు, ఇంగ్లిషు అక్షరాల కలగూరగంప! అమెరికాలో కూర్చుని ఊరి కబుర్లు చదువుకోవాలనుకున్నవాళ్లకు ‘పద్మ’ అనే చిన్న ఫైర్‌ఫాక్స్ జోడింపు అప్పట్లో పెద్ద దిక్కు. అది పత్రికల ఫాంట్లను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. తర్వాత యూనికోడ్ అన్నిచోట్లా పాకింది. 2012 డిసెంబరులో వోఫ్ అనే ఉమ్మడి ఫాంటు పద్ధతి అధికారిక ప్రమాణమైంది. ఇవాళ మన వార్త ఏ బ్రౌజర్లో తెరిచినా తెలుగులోనే కనిపిస్తోందంటే అలాంటి ఒప్పందాల పుణ్యమే.

పని పూర్తయిందా అంటే, లేదు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ఆరు సంకేతాలు. యూనికోడ్ పాత నియమం ప్రకారం స్, త్, రీ అని మూడు ముక్కలు. కథ మొదటి అక్షరాన్ని పెద్దది చేయమంటే ఎక్కడ కోయాలో తెలియని తంటా! 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 ఇలాంటి సంయుక్తాక్షరాలను ఒకే అక్షరంగా లెక్కపెట్టమంది. అంతకుముందు 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఓ ప్రత్యేకమైన సంకేతాల వరుసలో పంపితే చాలు, ఐఫోన్లలో మెసేజ్‌ల ఆప్‌లు కుప్పకూలాయి. యాపిల్ హడావుడిగా 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సర్దింది. తెలుగు అక్షరం ఒక్కసారిగా ప్రపంచ వార్తయింది, పాపం ఆ కారణంగా!

బ్రౌజర్లకూ పరీక్షలే

పోట్లాడుకునే కంపెనీలు ఇప్పుడు ఒక బల్ల దగ్గర కూర్చుంటున్నాయి. 2022లో ‘ఇంటరాప్’ పేరుతో యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా, వాటితోపాటు ఇగాలియా, బొకూప్ సంస్థలు చేతులు కలిపాయి. ఏడాదికోసారి ప్రతిపాదనలు అడుగుతారు. ఎవరైనా పంపొచ్చు. అందులోంచి కొన్నింటిని ఎంచుకుని, ఒకే ప్రశ్నపత్రం ఇచ్చినట్టు అన్ని బ్రౌజర్లకూ ఒకే పరీక్షలు పెడతారు. మార్కులు బహిరంగం. తెర ఎత్తు కొలతలు ఎక్కింది ఆ మొదటి ఏడాది జాబితాలోనే.

దశాబ్దాల నాటి కోరిక ఒకటీ తీరింది. ఫారంలో ఫోన్ నంబరు గడి తప్పయితే, ఆ గడి ఉన్న వరుస మొత్తం ఎర్రబడాలి. వినడానికి చిన్నదే. కానీ లోపలున్నదాన్ని చూసి బయటిదాన్ని మార్చడం బ్రౌజర్‌ని నెమ్మదింపజేస్తుందని చాలాకాలం పక్కన పెట్టారు. ‘హ్యాజ్’ అనే ఆ సదుపాయం 2022లో సఫారీ, క్రోమ్‌లలోకి, 2023 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్‌లోకి వచ్చింది.

అడిగినవన్నీ దొరుకుతాయని కాదు. 2024 జాబితా కోసం వచ్చిన ప్రతిపాదనల్లో ఎక్కువమంది కోరింది జేపెగ్ ఎక్స్ఎల్ అనే ఫొటో పద్ధతి. అది జాబితాలో చేరలేదు. కంపెనీలన్నీ ఒప్పుకొంటేనే దేనికైనా చోటు. కోరేది వేలమంది అయినా, చివరికి తలూపాల్సింది కొద్దిమంది.

మరి మనమేం చేయాలి? ఫోన్లో బ్రౌజర్ అప్‌డేట్ అడిగితే ‘తర్వాత చూద్దాం’ అనకండి. ముఖ్యమైన ఫారాన్ని చివరిరోజు దాకా ఉంచకండి. ఎక్కడైనా బటన్ కనిపించకపోతే స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్ మోడల్, బ్రౌజర్ పేరు రాసి ఆ వెబ్‌సైట్ వాళ్లకు పంపండి. చెబితేనే కదా తెలిసేది!

అక్క కూతురు మర్నాడే అలా పంపింది. జవాబు ఇంకా రాలేదు. ‘వస్తే బటన్ కనిపించాలిగా మామయ్యా, జవాబు పంపడానికి వాళ్లకి’ అంది నవ్వుతూ!