ఉగాదికి ముందు ఊరి కోళ్ళకొక దినము

మాఘమాసము వెళ్ళి ఫాల్గుణము వచ్చునప్పటికి మన గ్రామములలో ఏ పెరడు చూచినను పిల్లల కోడి కనిపించును. సంక్రాంతి నాటికి కళ్ళములలో రాలిన గింజలు తిని పెట్టలు పుష్టిగా గ్రుడ్లు పెట్టును. ఆ వెనుక పొదుగుకు కూర్చుండును. 21 దినములకు పిల్లలు లేచును. మామిడి పిందె కట్టు వేళకు పదేసి పిల్లలతో వాకిలి సందడిగా నుండును. సరిగా ఈ దినములలోనే కొక్కెర తెగులు కూడ ఊరిలోనికి దిగును. ఉగాది పచ్చడి తినునాటికి కోళ్ళ గంప ఖాళీయై గోడవార బోర్లించియుండుట పాఠకులలో చాలమంది చూచినదే.

"ఎండ తిరిగినది, కోళ్ళు పోవు కాలము వచ్చినది" అని పెద్దలు అనుచుందురు. ఎండ వచ్చుట మన చేతిలో లేదు గాని, కోళ్ళు పోవుట మాత్రము మన చేతిలోనిదే. ఈ నష్టము మందు లేక జరుగుచున్నది కాదు, ఊరిలో ఏర్పాటు లేక జరుగుచున్నదని నా నిశ్చితాభిప్రాయము. నేను పశువైద్యుడను కాను, వ్యవసాయాధికారిని. అయినను వరి గురించియు ప్రత్తి గురించియు మాటాడుటకు ఏ ఇంటికి పోయినను, ఇంటి ఇల్లాలు చివరకు అడుగునది కోళ్ళను గురించియే.

ఈ తెగులుకు రాణిఖేత్ వ్యాధి అని పేరు. 1927 లో కుమావూను కొండలలోని రాణిఖేత్‌లో కనుగొనబడుటచే ఆ పేరు వచ్చినది. ఆ కొండలలోనే ఉన్న ముక్తేశ్వర్ పరిశోధనాలయమున రూపొందిన టీకా 1940 దశాబ్దము నుండి మన దేశమున వాడుకలో నున్నది. అనగా ఇది మన తాతల కాలము నాటి మందు. తెగులు తగిలిన కోడి రెక్కలు వ్రేలవేసి మూల నిలుచును, నోరు తెరచి గురక పెట్టును, ఆకుపచ్చగాను తెల్లగాను పారును. ఒకటి రెండు బ్రతికినను మెడ మెలితిరిగి పోవును. వచ్చిన తరువాత దీనికి చికిత్స లేదు. వెల్లుల్లియు పసుపును నూరి పోయుట వలన ఇల్లాలి మనసుకు ఊరటయే గాని కోడికి ప్రయోజనము లేదు.

మరి ఇంత పాత టీకా ఇంటింటికి ఎందుకు చేరలేదు? ఒక చిన్న లెక్క చూడుడు. టీకా బుడ్డి సాధారణముగా 100 కోళ్ళకు సరిపోవునట్లు వచ్చును. కలిపిన తరువాత రెండు గంటలలో వాడివేయవలెను, మిగిలినది పనికిరాదు. ఒక ఇల్లాలికి ఉన్నవి 7 కోళ్ళు. 7 కోళ్ళకై బుడ్డి తెరచి 93 మోతాదులు పారబోయుటకు ఎవరికి మనసొప్పును? 14 ఇండ్లు కలసిన 98 కోళ్ళగును, బుడ్డి దాదాపు సరిపోవును. ఆ 14 ఇండ్లను ఒకచోట కలుపువారు లేరు. ఉన్న చిక్కంతయు ఇచ్చటనే.

ఇంకొక చిక్కు వేళకు సంబంధించినది. ఆసుపత్రి తలుపు తెరచు వేళకు కోడి దిబ్బమీద నుండును. దానిని పట్టుకొనుటకు ఇంటిల్లిపాది వీధి వీధి పరుగెత్తవలెను. పెరటి కోడి మన చేతికి చిక్కునది గూడు తలుపు తీయక ముందు, తెల్లవారుజామున. అందుచేత కోళ్ళ టీకా ఆ వేళకే జరుగవలసిన పని, కచేరీ గంటలలో జరుగునది కాదు.

మూడవది చెప్పక తప్పదు. మేము సభ పెట్టిన పురుషులు వత్తురు. కోళ్ళు స్త్రీలవి. గ్రుడ్లమ్మిన సొమ్ము, పండుగకు పుంజునమ్మిన సొమ్ము ఇల్లాలి కొంగున ముడిపడును. పిల్లవాని నోటు పుస్తకములకు, కూతురి గాజులకు, ఒక్కొక్కప్పుడు అర్ధరాత్రి ఆసుపత్రి ఖర్చుకు ఆ ముడియే విప్పబడును. మగవానికి లెక్క చెప్పనక్కరలేని డబ్బు చాల ఇండ్లలో ఆమెకు అదొక్కటే. కొక్కెర తెగులు ఒక్క వారములో తుడిచిపెట్టునది దానినే. కావున ఈ కబురు పొదుపు సంఘముల సమావేశములో చెప్పిన తగినవారికి చేరును, రచ్చబండ దగ్గర చెప్పిన చేరదు. ఆడవారి చేతి కోళ్ళని చులకన చేయువారు కలరు. పందెపు పుంజుకు బాదము పప్పు పెట్టి సాకుటకు వెనుదీయని ఇంటనే, పెట్టకు కొద్ది రూపాయల టీకా దండుగగా తోచుట చిత్రమే!

పల్స్ పోలియో పని 1995 లో మొదలైనది. దేశమంతటను పిల్లలందరికి ఒకే దినమున చుక్కలు వేయుటలోనే దాని బలము కలదు. 2014 లో మన దేశము పోలియో లేని దేశముగా ప్రకటింపబడినది. కోళ్ళ విషయములోను అదే న్యాయము. నీ ఇంట టీకా వేయించి, ప్రక్క ఇంట మానివేసిన, కోడికి ప్రహరీగోడ అడ్డు కాదు గదా. ఊరంతయు ఒకేనాడు చేయవలెను. శివరాత్రికిని ఉగాదికిని నడుమ ఒక దినము పంచాయతీ నిర్ణయించవలెను. టీకా పనిచేయుటకు సుమారు రెండు వారములు పట్టును గనుక, తెగులు పొడసూపిన తరువాత పరుగెత్తి లాభము లేదు.

పది దినముల ముందే వీధి వీధికి కోళ్ళెన్నియో, పిల్లలెన్నియో వ్రాసికొని పశువైద్యశాలకు తెలుపవలెను. ముందటి రాత్రి, ఉదయము గూళ్ళు తెరవవద్దని మైకులో చెప్పించవలెను. ఎనిమిది వారములు నిండిన కోళ్ళకు చర్మము క్రింద అర మిల్లీలీటరు ముక్తేశ్వర్ టీకా వేయుదురు. అంతకు చిన్నవాటికి ఆ టీకా తగదు, వాటికి లసోటా చుక్క కంటిలోనో ముక్కులోనో వేయవలెను. పిల్లకు మొదటి చుక్క మొదటి వారములోనే పడుట మేలు. జబ్బుగా నున్న కోడికి ఆనాడు టీకా వద్దు. సూది వేసిన తరువాత కొన్ని కోళ్ళు ఒకటి రెండు రోజులు మందముగా నుండును. ఈ మాట ముందుగా చెప్పకున్న, మరునాడు గూటిలో కోడి ముడుచుకొని కూర్చున్నప్పుడు నింద టీకా మీద పడును.

"టీకా వేయించినను పోయినవి" అను ఫిర్యాదు నేను అనేక గ్రామములలో విన్నాను. అది కేవలము అబద్ధమని త్రోసివేయరాదు. ఫాల్గుణపు ఎండలో బుడ్డిని చొక్కా జేబులో పెట్టుకొని నాలుగు గ్రామములు తిరిగిన, అందులో మిగులునది నీరు మాత్రమే. మంచు పెట్టెలో రాని బుడ్డిని గ్రామస్థులు నిస్సంకోచముగా త్రిప్పి పంపవచ్చును. తెగులు అప్పటికే ఒంటిలో ప్రవేశించిన కోడిని కూడ టీకా కాపాడలేదు.

తెగులు కనబడగానే మిగిలిన కోళ్ళను సంతకు తోలుట మనలో ఉన్న పెద్ద చెడ్డ అలవాటు. చుట్టమునకు కోడినిచ్చి పంపుటయు అట్టిదే. ఆ రెండు రోజులలో తెగులు నాలుగు ఊళ్ళు దాటును. చచ్చిన కోడిని కాలువలో విసరువారు దిగువ ఊరి పెరళ్ళను తలచుకొనవలెను. గోయి తీసి సున్నము చల్లి పూడ్చుటకు అరగంట చాలును. కొత్తగా కొన్న కోడిని రెండు వారములు వేరుగా గంప క్రింద నుంచవలెను. ఒక్కసారిగా చాల కోళ్ళు చచ్చిన, కొక్కెర అని మనకు మనమే తేల్చుకొనక పశువైద్యునికి కబురు చేయవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ వచ్చియుండుట మరువరాదు.

మేలుజాతి పిల్లలు కావలెనని నన్ను అడుగువారు ఏటేట పెరుగుచున్నారు. రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధనాలయము వారు రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళు మంచివే, నాటు పెట్టకంటె హెచ్చు గ్రుడ్లు పెట్టును. కాని పొదుగు పని వాటివలన జరుగదు, ఆ పనికి నాటు పెట్టయే దిక్కు. టీకా లేని ఊరిలో మేలుజాతి పిల్లలను పంచుట చిల్లుకుండలో పాలు పోయుట వంటిదని నా అభిప్రాయము. టీకా దినము జరిపిన గ్రామమునకే ముందుగా పిల్లలను ఇచ్చిన బాగుండును.

ఈ పనికి పంచాయతీ కార్యదర్శి చేతిలో ఒక నోటు పుస్తకముండిన చాలును. ఇంటి పేరు, కోళ్ళ సంఖ్య, చుక్క పడినవి ఎన్ని, సూది పడినవి ఎన్ని అని నాలుగు గడులు. సూదిని ఆరు నెలలకొకసారి మరల వేయుట మంచిది గనుక దసరా ముందు ఒక తేదీ వ్రాయవలెను. ఫాల్గుణములో చుక్క పడిన పిల్లలకు వైశాఖములో సూది పడవలెను, చాల గ్రామములలో తప్పిపోవునది ఇదే. ఆ తేదీని కూడ టీకా నాడే అదే పుస్తకములో వ్రాసి, సంఘము స్త్రీలకు చదివి వినిపించవలెను.