గేరుబాక్సు మొత్తం మార్చాలంటే ఒప్పుకోవద్దు

మన సంఘం కారు మూడు వారాలుగా షెడ్డులోనే ఉంది. డయాలసిస్‌కి వెళ్లే మన పెద్దాయన ఆటోలో వెళ్లొస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాం.

సెకండ్‌హ్యాండ్‌లో ఆటోమేటిక్ కొన్నది మనమే. ఏసీ చూసి, సీట్లు చూసి మురిసిపోయాం. గేరుబాక్సు ఆయిలు ఎప్పుడు మార్చారని ఒక్కరమూ అడగలేదు. ఇప్పుడు రెండు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు ఇంజను రొద పెడుతోంది, బండి మాత్రం వేగం అందుకోదు. షెడ్డువాళ్లు ఏమీ విప్పకుండానే గేరుబాక్సు మొత్తం మార్చాలన్నారు. పుదుపేటలో పాతది దొరుకుతుందని మనలోనే కొందరు బయల్దేరారు. ఆ పాతది ఏ బండిదో, ఎందుకు విప్పారో ఎవరికి తెలుసు?

మేం ఆపి స్కానర్ పెట్టించాం. పీ0700 వచ్చింది. గేరుబాక్సు వైపు ఏదో తప్పుందనే తప్ప ఏ భాగమో అది చెప్పదు. వెంట ఉన్న రెండో కోడ్ షిఫ్ట్ సోలనాయిడ్‌ని చూపింది. ఎర్రగా ఉండాల్సిన ఆయిలు గోధుమరంగుకి తిరిగింది, కానీ మాడు వాసన లేదు. అడుగు పాన్ విప్పిస్తే మెత్తటి బూడిదరంగు రజను కొంచెం ఉంది, అది మామూలే. లోహపు పెచ్చులు లేవు. ఉండి ఉంటే గేరుబాక్సు దించమని మేమే చెప్పేవాళ్లం.

ముందు సోలనాయిడ్, ఫిల్టరు, కంపెనీ చెప్పిన రకం ఆయిలు మార్పిద్దాం. చందాల డబ్బు కదా, రెండు అంచనాలూ రాయించి తెస్తున్నాం. ఆదివారం మీటింగుకి రండి, చూసి చెప్పండి. అప్పటిదాకా పెద్దాయనకి ఎవరైనా బండి ఇవ్వగలరా?